తాళపుచెవి ఉన్నను తెరచుకొనని పత్రములు

ఆసుపత్రులలో తీసిన స్కాన్‌లు, విశ్వవిద్యాలయముల మార్కుల పట్టికలు, వ్యాపారసంస్థల ఖాతాలు నేడు సొంత గదులలోని బీరువాలను విడిచి క్లౌడ్ సంస్థల ఆబ్జెక్ట్ స్టోరేజిలోనికి తరలిపోవుచున్నవి. 2006 మార్చిలో అమెజాన్ ఎస్3 అను పేర ఆరంభించిన ఈ ఏర్పాటునకు 2022 నవంబరు నుండి హైదరాబాదులోనే ఒక ప్రాంతీయ కేంద్రము కలదు. 2023 జనవరి మొదలుకొని అందు చేరు ప్రతి క్రొత్త ఫైలును ఆ సంస్థయే ఎన్‌క్రిప్ట్ చేయుచున్నది. ఇది మేలే. కాని ఆ తాళపుచెవియు సాధారణముగా ఆ సంస్థ వ్యవస్థలోనే యుండును గనుక, పరుల కంట పడరాని పత్రమును తమ కంప్యూటరులోనే గూఢలిపిగా మార్చి పిదప పంపదలచువారు కలరు. క్లయింట్-సైడ్ ఎన్‌క్రిప్షన్ అనునది ఇదియే. ఈ పద్ధతిని నేను మనఃపూర్వకముగా సమర్థింతును. అయితే నేడు మూసినదానిని పదియేండ్ల తరువాత, వేఱొక సంస్థ గిడ్డంగి నుండి తెచ్చుకొని, వేఱొక భాషలో వ్రాసిన ప్రోగ్రాముతో తెరవగలమా యను ప్రశ్నను దీనిని అవలంబించువారు వేసికొనుట లేదు.

తాళపుచెవి భద్రముగా నున్న చాలునని తలచుట పొరపాటు. ఇట్లు మూయుటకు అమెజాన్ వారిచ్చు ఎస్3 ఎన్‌క్రిప్షన్ క్లయింటు అను ప్రోగ్రాము ఒక ఫైలును మూయునపుడు, ఆ ఫైలు కొఱకే ఒక క్రొత్త డేటా కీ పుట్టును. దానితో ఫైలు గూఢలిపి యగును. ఆ డేటా కీని మన చేతనున్న ప్రధాన కీతో మరల మూసి, సాధారణముగా ఫైలుతోపాటే మెటాడేటాగా, అనగా ఫైలును గూర్చిన వివరములుగా, పంపుదురు. ‘ఎక్స్-ఏఎంజెడ్-కీ-వీ2’ అను శీర్షిక క్రింద మూసిన డేటా కీ, ‘ఎక్స్-ఏఎంజెడ్-సీఈకే-ఆల్గ్’ క్రింద గూఢలిపి పద్ధతి పేరు నిలుచును. ఫైళ్లను వేఱొక గిడ్డంగికి మార్చు సాధనము ఈ పంక్తులను వదలివేసెనా, ప్రధాన కీ మన పెట్టెలో ఉన్నను డేటా కీ నశించును, మిగులునవి అర్థములేని బైట్లు. ఎస్3-కంపాటిబుల్ అని ప్రకటించుకొను సెఫ్, మినియో, క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2 మొదలగునవి ఫైళ్లను పంపుట, తెచ్చుట అను వ్యవహారమున అనుకూలత వహించును గాని, లోపలి తాళమునకు వాటి పూచీ లేదు; ఉండదు కూడను, ఏలయన ఆ తాళపు గుట్టు వాటికి తెలియరాదనియే గదా మన సంకల్పము. అంతేల, ఎస్3 ఎన్‌క్రిప్షన్ క్లయింటు మూసినదానిని అమెజాన్ వారి మఱియొక సాధనమగు ఏడబ్ల్యూఎస్ ఎన్‌క్రిప్షన్ ఎస్‌డీకే సైతము తెరవజాలదు.

పాత తాళములనే ఎల్లకాలము నిలుపుకొనవలెనని నా వాదము కాదు. 2020 ఆగస్టులో వెల్లడియైన దోషమును గమనింపుడు. ఈ క్లయింటు మొదటి రూపమున వాడిన సీబీసీ పద్ధతియందు, గూఢలిపిని నడుమ నెవరైన మార్చిరేమో సరిచూచు కట్టుబాటు లేకుండెను. గిడ్డంగిలో వ్రాయు అధికారమును, తెరచుట విఫలమైనదో లేదో తెలిసికొను అవకాశమును గల శత్రువు, తాళపుచెవి లేకుండగనే, బైటు ఒక్కింటికి సగటున 128 ప్రశ్నలతో అసలు పాఠమును రాబట్టగలడని గూగుల్ భద్రతా పరిశోధన తేల్చెను. అంతట రెండవ రూపము వచ్చి, మార్పును పసిగట్టు జీసీఎం పద్ధతిని విధించెను. ముందు చదువు ప్రోగ్రాములన్నిటిని క్రొత్త రూపము గ్రహించునట్లు సవరించి, పిదపనే వ్రాయు ప్రోగ్రాములను మార్చవలెనని అమెజాన్ చూపిన క్రమము శ్లాఘనీయము. ఈ వరుస తలక్రిందులైనచో, ఉదయము ఒక శాఖ మూసి పంపిన పత్రము సాయంకాలము మఱియొక శాఖలో తెరచుకొనదు. జావా భాషలోని మూడవ రూపము, మనము ప్రత్యేకముగా అనుమతించిననే గాని, సీబీసీ వంటి పాత పద్ధతులతో మూసినవానిని చదువదు. ఈ కాఠిన్యము సమంజసమే; కాని పాత ఫైళ్లను తెరచి క్రొత్త రీతిలో మరల మూయు భారము ఎవరిదో ఒప్పందమునందే వ్రాసికొనవలెను.

1883లో ఆగస్ట్ కెర్ఖాఫ్స్ సైనిక గూఢలేఖనమును గూర్చి వ్రాయుచు, పద్ధతి శత్రువునకు చిక్కినను నష్టము కలుగరాదనియు, రహస్యము తాళపుచెవియందే యుండవలెననియు నిర్ణయించెను. కావున తాళపు నిర్మాణమును బాహాటముగా ప్రకటించుటవలన భద్రతకు భంగము లేదు. ఓపెన్‌పీజీపీ అను గూఢలిపి రూపము అందఱికి అందు ప్రమాణముగా ప్రచురితమై యున్నందుననే ఒకరి ప్రోగ్రాము మూసినదానిని వేఱొకరి ప్రోగ్రాము తెరవగల్గుచున్నది. క్లౌడ్ గిడ్డంగులవారును అట్టి ఉమ్మడి రూపమునకు కట్టుబడవలెను.

మన దేశమున 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము, సమాచారము పరులపాలగుటనే గాక, దానిని అందుకొను శక్తి ప్రమాదవశమున కోల్పోవుటను కూడ ఉల్లంఘనముగా నిర్వచించి, తగిన రక్షణ పాటింపని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్ణయించినది. ఈ నిర్వచనమును మన ప్రభుత్వ శాఖలు, ఆసుపత్రులు టెండరు పత్రములలోనికి దింపవలెను. ప్రతి ఫైలు మెటాడేటాకు వేఱొక చోట నకలు ఉంచవలెననియు, ఏటేట కొన్ని పాత ఫైళ్లను, మూసిన ప్రోగ్రాముతో గాక, వేఱొక భాషలోని ప్రోగ్రాముతో అధికారుల యెదుట తెరచి చూపవలెననియు గుత్తేదారునకు షరతు విధించి, అట్లు తెరచి చూపిన పిమ్మటనే బిల్లు చెల్లింపవలెను.