వాచకానికి దణ్ణం, నవలకి దండనా?

మన ఇళ్ళలో మనుషులకే కాదు, పుస్తకాలకి కూడా పెద్దాచిన్నా ఉన్నాయి. స్కూలు పుస్తకానికి కాలు తగిలితే తీసి కళ్ళకద్దుకుంటాం. అదే నవలైతే దిండు కిందో బీరువా మీదో ఉండాలి. ఎవరైనా వస్తున్నారంటే ముందు దాన్ని లోపల పెట్టాలి. ఈ మర్యాద ఎవరు పెట్టారో గాని, దీనివల్ల మన పిల్లలకి అటు వాచకమూ రావడం లేదు, ఇటు నవలా రావడం లేదు. ఇవాళ నా గొడవంతా దీని మీదే.

ఈ వేసవి సెలవుల్లో చుట్టాలందరూ మా పొందూరు వచ్చారు. పదో తరగతికి వచ్చిన మా అమ్మాయి చేతిలో ‘తులసిదళం’ కనపడింది. ఇక చూడండి, తలా ఒక తీర్పు. మా పెద్దత్తయ్య అయితే, “ఏటే కోడలా, గుంటచేత దెయ్యాల పుస్తకం సదివిస్తన్నావా? రేత్రి జడుసుకుంటాది” అన్నారు. మా మరిది, “ఆ భయపడేదేదో మొదటి పుస్తకం చదివి భయపడితే చాలు, దాని రెండో భాగం మాత్రం వద్దు, రెండో భాగాలన్నీ డబ్బుల కోసమే” అని తేల్చేశాడు. మా ఆడపడుచు, “ఇవన్నీ ఎందుకు వదినా, టెన్త్ కదా, టెక్స్ట్ బుక్కు తప్ప ఇంకోటి ముట్టుకోనివ్వకు” అంది. అందరూ దాని మంచి కోరే చెప్పారు, కాదనను. కానీ మూడు మాటలూ తప్పే అంటాను. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు రెండో భాగాల సంగతి. “మొదటిదే బాగుంది” అన్న మాట మనకి ఊతపదం అయిపోయింది. నేను బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని. రెండో భాగాలు పనికిరావంటే తెలుగు సాహిత్యంలో మొట్టమొదటి పుస్తకమే పనికిరాకుండా పోతుంది. నన్నయ భారతాన్ని అరణ్యపర్వం మధ్యలో వదిలేశాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా రాశాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వం ముక్కని ఆ తర్వాతి శతాబ్దంలో ఎర్రన పూర్తి చేశాడు. ముగ్గురూ మూడు కాలాలవాళ్ళు. ఎవరి మాటతీరు వాళ్ళది. తిక్కన నాటకీయత నన్నయ దగ్గర లేదని మా మాస్టారు పాఠం చెబుతుంటే ఎవరమూ “మొదటిదే బాగుంది” అనలేదు.

పాఠ్యపుస్తకానికి కూడా రెండో భాగం ఉంది, ఇది మా ఆడపడుచు వినాలి. చిన్నయసూరి బడిపిల్లల కోసం 1853లో ‘నీతిచంద్రిక’ రాశాడు. మిత్రలాభం, మిత్రభేదం, అంతవరకే. మిగిలిన సంధి, విగ్రహం భాగాలు కందుకూరి వీరేశలింగం రాశారు.

ఇక సైన్స్ ఫిక్షన్‌కి వద్దాం. ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ సముద్రం అడుగున తిరిగే కెప్టెన్ నీమో కథ రాశాడు. ఆ పుస్తకం 1870 నాటికి పూర్తయింది. అందులో నీమో ఎవరో, ఏ దేశంవాడో, ఎందుకంత కోపమో చెప్పలేదు. నాలుగైదేళ్ళ తర్వాత వచ్చిన ‘మిస్టీరియస్ ఐలాండ్’లో చెప్పాడు. నీమో మన దేశపువాడట. బుందేల్‌ఖండ్ రాజు కొడుకు డక్కర్. 1857లో ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడి, భార్యాబిడ్డల్ని పోగొట్టుకుని, సముద్రంలోకి వెళ్ళిపోయినవాడు. రెండో పుస్తకం వద్దనుకున్న పాఠకుడికి నీమో ఒక పిచ్చి కెప్టెన్‌గానే మిగిలిపోతాడు. అది చదివినవాడికి తన పొరుగింటి మనిషి అవుతాడు.

మన చందమామ మాటేమిటి? పాతకాలపు బేతాళ కథలు 25. చందమామ వాళ్ళు ఆ విక్రమార్కుణ్ణీ, భుజం మీద శవాన్నీ పట్టుకుని దశాబ్దాల తరబడి కొత్త కథలు రాయించారు. శంకర్ గారు వేసిన ఆ బొమ్మ చూడగానే మా నాన్నగారు కూడా పుస్తకం లాక్కునేవారు. వందల కొద్దీ రెండో భాగాలు అవి. ఒక్కరైనా విసుక్కున్నారా?

అమ్ముకోవడానికే తీసే రెండో భాగాలు లేవని నేననను. సినిమాలో సగం కథ చెప్పి, “మిగతాది వచ్చే ఏడాది” అని టిక్కెట్టు డబ్బులు రెండుసార్లు తీసుకుంటున్నారు. అది రెండో భాగం కాదు, ఒకే అన్నం రెండు కంచాల్లో పెట్టడం. సింగీతం శ్రీనివాసరావు గారి ‘ఆదిత్య 369’ 1991లో వచ్చింది. కృష్ణదేవరాయల కాలానికీ వెళ్ళింది, 2504వ సంవత్సరానికీ వెళ్ళింది, ఒక్క సినిమాలోనే పూర్తయింది. అందుకే దాని రెండో భాగం తీస్తారంటే మనకి ఆశగా ఉంటుంది. కాబట్టి అడగాల్సింది “ఇది ఎన్నో భాగం” అని కాదు, “మొదటిదానిలో లేనిదేమైనా చెప్పిందా” అని. మా మరిది ఆ ప్రశ్న అడగకుండానే తీర్పు చెప్పేశాడు.

ఇక రెండోది, భయం పుస్తకాలు. ఇక్కడ నా వాదన పెద్దత్తయ్యతోనూ ఉంది, “కథే కదా, సరదాగా చదువుకోనీ” అనేవాళ్ళతోనూ ఉంది.

యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన రోజుల్లో, పత్రిక వచ్చేదాకా ఆగలేక జనం ఎదురు చూసేవారని మా అమ్మ చెబుతుంది. చిన్నపిల్ల మీద చేతబడి చేస్తారు, అటు డాక్టర్లు, ఇటు మంత్రగాళ్ళు. ఆ తర్వాత ‘తులసి’ అని రెండోదీ వచ్చింది. ఎంతమంది ఇష్టపడ్డారో అంత గట్టిగా తిట్టినవాళ్ళూ ఉన్నారు. రంగనాయకమ్మ గారు ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఒక పుస్తకమే రాశారు. మూఢనమ్మకాన్ని సైన్సుతో సమానంగా కూర్చోబెట్టారన్నది ఆవిడ కోపం.

ఆ కోపం హైదరాబాదులో చదివితే సాహిత్య చర్చ. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు అలా కాదు. ఇక్కడ చేతబడికి ‘చిల్లంగి’ అని పేరు. ఊళ్ళో పిల్లకి జ్వరం తగ్గకపోతే, ఆవు పాలివ్వకపోతే, చూపు ఒంటరిగా ఉండే ముసలమ్మ మీదకి పోతుంది. చిల్లంగి పెట్టిందని మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు మన పేపర్ల జిల్లా పేజీల్లో ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. మా పుట్టింటి వీధిలో ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, తెల్లారే లేచి ఎవరితోనూ మాట్లాడకుండా చెరువుకి పోయేది. అంతే ఆవిడ చేసిన నేరం. పిల్లల్ని ఆవిడ గుమ్మం ముందు నడవనిచ్చేవారు కాదు. ఆవిడ ఏ నవలా చదివి ఉండదు, ఆవిణ్ణి అనుమానించినవాళ్ళూ చదివి ఉండరు. చిల్లంగి భయం నవలలకన్నా పాతది.

అందుకే చెబుతున్నాను, పుస్తకం లాక్కుంటే ఆ భయం పోదు. పిల్ల చేతిలోంచి నవల తీసేస్తాం, పక్కనే కూర్చుని “ఆ ఇంటివైపు వెళ్ళకు, ఆవిడ చూపు మంచిది కాదు” అని మనమే చెబుతాం. ఆ రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదం? నవలలో చేతబడి చేసేవాడు కాగితం మీద ఉంటాడు. మన మాటల్లో చేతబడి చేసేది నాలుగిళ్ళ అవతల అంబలి కాచుకుంటూ ఉంటుంది.

భయం కథల్ని కొలవడానికి నా దగ్గర ఒక్కటే కొలత ఉంది. పుస్తకం మూసేశాక అది ఎవర్ని చూసి భయపడమంటోంది? మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 1818లో వచ్చింది. ఆవిడ దాన్ని రాయడం మొదలుపెట్టినప్పుడు వయసు 18, మొదటి అచ్చులో పేరు కూడా వేయలేదు. ఒక శాస్త్రవేత్త ప్రాణిని తయారు చేసి, దాని మొహం చూసి జడిసి వదిలేసి పారిపోతాడు. ఆ ప్రాణికి కనీసం పేరు కూడా పెట్టడు. అది మంచిగా ఉందామనే మనుషుల దగ్గరికి వెళ్తుంది, తరిమితే రాక్షసి అవుతుంది. పుస్తకం మూశాక మనం ఆ ప్రాణిని చూసి భయపడం. పుట్టించి పట్టించుకోని తండ్రిని చూసి భయపడతాం. పిల్లల్ని కన్నవాళ్ళందరూ చదవాల్సిన భయం అది.

అదే కొలత ‘తులసిదళం’ మీద పెట్టి చూడమని మా అమ్మాయికి చెప్పాను. నాలుగు రోజులు వంటగదిలో ఇద్దరం వాదించుకున్నాం. డాక్టరు చెప్పిన కారణంతోనే కథ నడుస్తుందా, మంత్రగాడి కారణం లేకపోతే కథ ఆగిపోతుందా, రచయిత ఎటువైపు ఒరిగాడు? అది ఒక మాట అంది, నేనొకటి అన్నాను, తేలలేదు. కానీ చిల్లంగి గురించి మా ఇంట్లో గుసగుసలు కాకుండా పెద్ద గొంతుతో మాట్లాడుకోవడం అదే మొదలు. ఆ పని ఏ వాచకమూ చేయలేదు. రంగనాయకమ్మ గారి విమర్శ విలువ కూడా అదే కదా. ఆవిడ పుస్తకం చదవకుండా దాచేయలేదు. చదివి, ప్రతి మాటకీ ఎదురుమాట చెప్పారు. పుస్తకాన్ని తిట్టే హక్కు దాన్ని చదివినవాళ్ళకే ఉంది.

ఇక మూడోది, పాఠ్యపుస్తకం. ఇక్కడే నాకు ఎక్కువ కోపం.

నవల గురించి ప్రతివాళ్ళకీ ఒక అభిప్రాయం ఉంది. ఏడాదంతా మన పిల్లలు మోసే వాచకం గురించి ఎవరికైనా ఉందా? బాగుందనో బాగులేదనో ఒక తల్లి అనగా విన్నారా? కళ్ళకద్దుకుని పక్కన పెడతాం. పిల్లలు చదివేది దాన్ని కూడా కాదు, గైడు. పాఠం గైడులో, ప్రశ్నకి జవాబు గైడులో, చివరికి “ఈ కథ మీకెందుకు నచ్చింది” అన్న ప్రశ్నకి కూడా జవాబు గైడులోనే ఉంది. కథ మా అమ్మాయికి ఎందుకు నచ్చిందో గైడు వేసినాయన చెబుతాడట! వేలమంది పిల్లలకి ఒకే కారణంతో నచ్చుతుందట!

మన ప్రాంతంవాళ్ళకి వాచకం మీద అభిప్రాయం లేకపోవడం మరీ సిగ్గుచేటు. గిడుగు రామమూర్తి పంతులు గారు మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, పిల్లలకి అర్థంకాని భాషలో పుస్తకాలెందుకని జీవితమంతా పోట్లాడారు. సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకుని వాళ్ళ మాటల్లో పుస్తకాలు చేశారు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారు ఇదే విషయం మీద 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. పాఠ్యపుస్తకం బాగులేదని చెప్పడం పుస్తకాన్ని అవమానించడం అని వాళ్ళనుకోలేదు. చదివేవాళ్ళ మీద గౌరవం ఉన్నవాళ్ళే ఆ మాట అనగలరు.

మనకిప్పుడు చెప్పడానికి విషయాలు లేవా? 2020 నుంచి మన రాష్ట్రంలో పుస్తకాలు ఒకవైపు ఇంగ్లీషు, ఎదురుగా తెలుగు వేసి ఇస్తున్నారు. ఆలోచన మంచిదే. ఇంగ్లీషు రాని తల్లి కూడా పిల్ల పక్కన కూర్చోవచ్చు. కానీ ఆ తెలుగు పేజీ తెరిచి సైన్సు పాఠం ఒకటి పైకి చదివి చూడండి. మన ఇళ్ళలో ఎవరూ మాట్లాడని సంస్కృత పదాలు వరసగా వస్తాయి. పిల్ల ఇంగ్లీషు పేజీయే సులువంటుంది. వందేళ్ళ కిందట గిడుగు వారు అడిగిన ప్రశ్నే మళ్ళీ అడగాలి. అడిగేదెవరు? గైడు కొనేసి చేతులు దులుపుకుంటున్నాం.

వాచకంలో కవి పరిచయం ఉంటుంది. పుట్టిన ఊరు, బిరుదులు, రచనలు. పిల్లలు దాన్ని ఒక మార్కు కోసం బట్టీ పడతారు. మనకి దగ్గర్లోనే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. తెలుగులో వచ్చిన కథలన్నీ ఒకచోట ఉండాలని ఒక బడిపంతులు పట్టుబట్టి కట్టిన ఇల్లది. అక్కడ ఇది మంచి కథ, ఇది చెత్త కథ అని గుమ్మం దగ్గర ఆపరు. పాత వారపత్రికలూ పెద్ద రచయితల సంపుటాలూ ఒకే కప్పు కింద ఉంటాయి. ‘యజ్ఞం’ రాసినాయనకి లేని పట్టింపు మన బీరువాలకెందుకు?

నాతోటి అమ్మల్ని మూడే అడుగుతున్నాను. పిల్ల చేతిలోంచి ఏ పుస్తకమైనా లాక్కునే ముందు మీరు దాన్ని పూర్తిగా చదవండి, చదివాక పోట్లాడండి. వాచకాన్ని కళ్ళకద్దుకోవడం కాస్త తగ్గించి, తెరిచి ఒక పాఠం చదవండి. అర్థం కాకపోతే అర్థం కాలేదని ఈసారి స్కూల్లో తల్లిదండ్రుల మీటింగులో లేచి చెప్పండి. అన్నిటికన్నా ముఖ్యం, “ఈ కథ నీకెందుకు నచ్చింది” అన్న ప్రశ్నకి గైడులో ఉన్న జవాబు కొట్టేసి, పిల్లచేత దాని సొంత మాటల్లో రాయించండి. మార్కు పోతే పోనివ్వండి. మా అమ్మాయి “నచ్చలేదు” అని మొదలుపెట్టి పేజీన్నర రాసింది. నేను చదివాను, ఒప్పుకోలేదు. రాత్రి అన్నాలయ్యాక దాని మీద మా ఇద్దరికీ మళ్ళీ వాదన ఉంది.