బుల్లితెర మీద భయం

హాల్లో వణికించిన సినిమాకి టీవీలో రెండో భాగం తీస్తే? హిచ్‌కాక్ 'ది బర్డ్స్' (1963)కు 1994లో అమెరికా కేబుల్ చానల్ షోటైమ్ ఆ పనే చేసింది. దర్శకుడు రిక్ రోసెంతాల్ తన పేరు తీసేయించి, అలన్ స్మితీ అనే లేని మనిషి పేరు వేయించాడు! పాత నాయిక టిప్పీ హెడ్రన్‌కు వేరే చిన్న పాత్ర దక్కింది. నటికి అంతకంటే భయపెట్టేదేముంటుంది?

మన దగ్గర వరస తిరగబడింది. చేతబడి కథ 'మా ఊరి పొలిమేర' 2021లో నేరుగా ఓటీటీలో ఇంటికొచ్చింది. రెండో భాగం 2023లో థియేటరెక్కింది. జనం మధ్య కూర్చుంటే నాకేం కాలేదు. మొదటిది మాత్రం తిమ్మాజిపేటలో, ఇంటిల్లిపాదీ పడుకున్నాక, ఒంటరిగా చూశాను. అయిపోయాక గుర్తొచ్చింది, వాకిలి తలుపు గడియ వేయలేదని.