సంతకు వెళ్లలేని పిల్లవాడు: దంతెవాడలో ఆటిజం

బస్తర్ పల్లెల్లో వారపు సంత లేనిదే వారం గడవదు. ఉప్పు, మిరపకాయలు, ఎండు చేపలు కొనడం, ఇప్పపువ్వు, చింతపండు అమ్మడం, పక్క ఊరి చుట్టాలను పలకరించడం, అప్పు తీర్చడం అన్నీ అక్కడే. ఇంట్లో చూసుకునే మనిషి లేకపోతే పిల్లవాడిని వెంటబెట్టుకునే తల్లి వెళ్లాలి. ఆ పిల్లవాడికి ఆటిజం ఉంటే మైకు మోత, కోళ్ల అరుపులు, చేపల వాసన, తోసుకుంటూ పోయే జనం ఒక్కసారిగా మీద పడినట్టుంటుంది. చెవులు మూసుకుంటాడు, నేల మీద పడి కేకలు పెడతాడు. చూసేవాళ్లు గారాబం ఎక్కువైందంటారు, లేదా ఏదో సోకిందంటారు. గునియా దగ్గరికి తీసుకెళ్లమన్న సలహాకు కొదవుండదు. ఇలా రెండు మూడుసార్లు జరిగితే ఆ తల్లి సంత మానేస్తుంది.

ఆటిజం గురించి మన చర్చ రోగనిర్ధారణ, థెరపీ, బడి దగ్గరే తిరుగుతుంది. బజారుకెళ్లి సరుకులు తెచ్చుకోవడం, బస్సెక్కడం, రేషన్ క్యూలో నిలబడటం ఏ పథకం లెక్కల్లోనూ లేవు. కుటుంబం ఇంటికే పరిమితమయ్యేది మాత్రం ఈ చిన్న పనుల దగ్గరే.

వీటిలో కొన్ని పనులు ప్రభుత్వం చెప్పి చేయించేవి. ఐదేళ్లలోపు పిల్లలకిచ్చే బాల ఆధార్‌లో వేలిముద్రలుండవు. ఐదు నిండాక పిల్లవాడిని కేంద్రానికి తీసుకెళ్లి పది వేళ్ల ముద్రలు, రెండు కంటిపాపలు, ఫొటో ఇవ్వాలి. రేషన్ కార్డులో పేరున్నవారి ఈ-కేవైసీకీ బయోమెట్రిక్ ధ్రువీకరణ కావాలి. వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీకి 2024 అక్టోబరులో సవరించిన నిబంధనల ప్రకారం ఆధార్ జత చేయాలి. కొత్తవాళ్లు చెయ్యి పట్టుకుంటేనే బెదిరిపోయే పిల్లవాడు కళ్లార్పకుండా కెమెరాలోకి చూస్తాడా? వేళ్లు లేనివారికి, ముద్రలు పడనివారికి మినహాయింపు విధానం ఉంది. వేళ్లుండీ నిలకడగా పెట్టలేని పిల్లవాడి సంగతి ఆపరేటర్ ఓపికను బట్టి తేలుతుంది. ‘నిలబడలేడు’ అని నిరూపించే కార్డు కోసం ముందు వాడిని నిలబెట్టాలన్నమాట.

అసలు ఆ కార్డు దాకా రావడమే కష్టం. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో చోటు దొరికింది. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో చేరాక గానీ పూర్తి హక్కులు రాలేదు. తీవ్రతను కొలిచే 40 అంశాల ‘ఇసా’ కొలబద్ద సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థలోనే తయారైంది. దాన్ని ఉపయోగించడానికి శిక్షణ పొందినవారు కావాలి, పిల్లవాడి భాష తెలిసినవారైతే మరీ మంచిది. గోండి, హల్బీ మాట్లాడే ఇంటి పిల్లవాడు హిందీలో పిలిస్తే పలకలేదనుకోండి. అది ఆటిజమా, భాష తెలియకపోవడమా? పొరపాటు రెండు వైపులా జరగొచ్చు. అనుమానం వచ్చినవాళ్లు జగదల్‌పూర్‌కు బస్సెక్కాలి. కిరందుల్, బచేలీ గనుల టౌన్‌షిప్‌లలోని తెలుగు కుటుంబాలకైతే విశాఖ రైలుంది. అదీ ఆ పిల్లవాడిని వెంటబెట్టుకుని చేయాల్సిన ప్రయాణమే.

ఇక్కడ ఒక పోలిక అవసరం. 2022 మే 7న రాంచీ నుంచి హైదరాబాద్ వెళ్లాల్సిన ఇండిగో విమానంలోకి ప్రత్యేక అవసరాలున్న ఓ బాలుడిని ఎక్కనివ్వలేదు. అతను భయాందోళనలో ఉన్నాడన్నది సంస్థ చెప్పిన కారణం. తోటి ప్రయాణికురాలు సోషల్ మీడియాలో రాశారు, దేశమంతా చర్చ జరిగింది. ఆ నెలాఖరులోగానే డీజీసీఏ రూ.5 లక్షల జరిమానా వేసింది. జులైలో నిబంధన మార్చి, వైకల్యం కారణంగా ఎవరినీ ఆపరాదని, ఆరోగ్యంపై సందేహముంటే డాక్టరును అడగాలని చెప్పింది. విమానంలో జరిగింది కాబట్టి మూడు నెలల్లోపే రూలు మారింది. గీదం బస్టాండులో కండక్టర్ ‘ఈ అరుపులతో ఎలా ఎక్కిస్తాం’ అంటే ఎవరు రాస్తారు?

చట్టం కొరత కాదిది. 2016 చట్టం సముచిత సర్దుబాట్లు చేయమంటుంది. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, సదుపాయాల ప్రమాణాలు సలహాలుగా మిగిలితే చాలదని, తప్పనిసరిగా పాటించాల్సినవి రూపొందించాలని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. కోర్టు ముందున్న నివేదిక హైదరాబాద్ నల్సార్ వర్సిటీ వికలాంగ అధ్యయన కేంద్రానిది. అయినా ఆఫీసుల్లో ‘సదుపాయం’ అంటే ఇప్పటికీ ర్యాంపే. శబ్దం, వెలుతురు, నిరీక్షణ కూడా అడ్డంకులేనన్న ఊహ ఇంకా రాలేదు. బ్రిటన్‌లో మోరిసన్స్ సూపర్ మార్కెట్లు 2018లో శనివారం ఉదయం ఒక గంట పాట ఆపేసి, లైట్లు తగ్గించడం మొదలుపెట్టాయి. ఖర్చు దాదాపు సున్నా.

సంతలో మైకు ఆపించడం కుదరకపోవచ్చు. ఆధార్ కేంద్రం తెరిచిన మొదటి అరగంట, జనం రాకముందు, ఇలాంటి పిల్లలకు కేటాయించడం కుదురుతుంది. ముద్ర పడకపోతే మూడోసారి రమ్మనకుండా మినహాయింపు నమోదు చేయడం కుదురుతుంది. రేషన్ డీలరుకు ఒక్క మాట చెప్పడం కుదురుతుంది.

గీదం దగ్గర జావంగాలో వికలాంగ పిల్లలకు ‘సక్షమ్’ వసతి పాఠశాలలు నడిపిన జిల్లా ఇది. కానీ హాస్టల్ బడి వయసు పిల్లలకు. మూడు నాలుగేళ్లవాడు అమ్మ కొంగు పట్టుకునే తిరుగుతాడు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షల జాబితాలో ఆటిజం ఉంది. బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వెళ్లాలి. అంగన్‌వాడీకి కూడా తీసుకురాని పిల్లవాడు వారి కంట పడడు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమే 2019 అక్టోబరు 2న సంతల్లో వైద్య బృందాలను కూర్చోబెట్టే హాట్ బజార్ క్లినిక్ పథకం మొదలుపెట్టింది. బీపీ, మలేరియా పరీక్షలు చేసే ఆ బల్ల దగ్గర గోండి తెలిసిన మితానిన్ ఒకరు కూర్చుని, ‘ఈ వారం మీ చిన్నోడిని ఎందుకు తీసుకురాలేదు?’ అని అడిగితే చాలా ఇళ్ల సంగతి బయటికొస్తుంది.