ఆ సీటీ ఇంకొకరికీ చూపించండి

మోకాలి ఆపరేషన్ కోసం వెళ్తారు. మత్తు డాక్టరు ముందు ఎకో తీయించమంటారు. తీస్తే గుండె దగ్గర బృహద్ధమని ఉబ్బిందని తేలుతుంది. గుండె నుంచి ఒళ్ళంతటికీ రక్తం తీసుకెళ్ళే పెద్ద గొట్టం అది. గుండె నుంచి పైకి లేచే చోట మామూలుగా మూడు, మూడున్నర సెంటీమీటర్ల వెడల్పుంటుంది. సీటీ స్కాన్ కూడా తీస్తారు, రిపోర్టులో 4.9 అని ఉంటుంది. నొప్పి లేదు, ఆయాసం లేదు, నిన్నటిదాకా పొలం పనులు చూసుకున్న మనిషి. సాయంత్రానికి ఇంటికి కబురొస్తుంది: ఛాతీ తెరిచి, గుండెను కాసేపు ఆపి ఆ గొట్టం మార్చాలట, వచ్చే వారం చేరమన్నారట. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు.

అలాంటి ఇంటివాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. చేరేముందు ఆ సీటీని, బృహద్ధమని ఆపరేషన్లు తరచుగా చేసే మరో సర్జనుకు చూపించండి. మొదటి డాక్టరు మంచివారే కావచ్చు, చెప్పింది సరైనదే కావచ్చు. అయినా ఎప్పుడు కొయ్యాలి, ఎంత తియ్యాలి, ఏది మిగల్చాలి అన్న ప్రశ్నలకు ఈ జబ్బులో సమర్థులైన ఇద్దరు వైద్యులు రెండు రకాల జవాబులు చెప్పే అవకాశం ఉంది. తేడా వస్తే దాని ఫలితం మీరు బతికున్నంత కాలం ఉంటుంది.

ఇక్కడొక హద్దు పెట్టుకోవాలి. నేను చెప్తున్నది ఉబ్బిన ధమని గురించి మాత్రమే. ఛాతీలోనో వీపులోనో ఉన్నట్టుండి చీల్చేసినట్టు నొప్పి వచ్చి, సీటీలో ధమని గోడ చీలిందని తేలితే ఇంకొకరిని అడిగే వ్యవధి లేదు. గుండె దగ్గరి భాగం చీలితే, ఆపరేషన్ జరగని పక్షంలో మొదటి రెండు రోజులూ గంటకు నూటికి ఒకరిద్దరు చొప్పున పోతారని వైద్య గ్రంథాలు దశాబ్దాలుగా చెప్తూ వచ్చాయి. అప్పుడు ఆ ఆపరేషన్ చేయగలిగిన దగ్గరి ఆసుపత్రికి పరుగెత్తడమే.

ఈ చీలికలను రకాలుగా విభజించి, వాటికి ఆపరేషన్ నేర్పినవారిలో మొదటివరసలో నిలిచే పేరు హ్యూస్టన్ సర్జన్ మైకేల్ డిబేకీ. పాడైన ధమని స్థానంలో పెట్టడానికి డేక్రాన్ గుడ్డ కొని, ఇంట్లో భార్య కుట్టుమిషన్ మీద తానే గొట్టాలు కుట్టిన మనిషి. 2005 డిసెంబరు 31న, 97 ఏళ్ళ వయసులో, ఆయనకే ఆ నొప్పి వచ్చింది. ఏం జరిగిందో ఆయన ఇంట్లోనే గుర్తుపట్టారు. ఆ వయసులో ఆపరేషన్ తర్వాత మంచాన పడి బతకాల్సి వస్తుందేమోనని మొదట వద్దన్నారు. జనవరి తొలినాళ్ళలో 5.2 సెంటీమీటర్లున్న వాపు ఫిబ్రవరికి 7.5కి చేరింది. ఆయన స్పృహ తప్పారు. ఆయన వద్దన్న ఆపరేషన్ ఆయనకే చేయవచ్చా అని ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ తర్జనభర్జన పడింది. చివరికి భార్య పట్టుబట్టగా, ఆయన దగ్గర పనిచేసినవాళ్ళే చేశారు. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి బయటపడ్డారు, ఆపరేషన్ చేసినందుకు సంతోషించారు, 2008లో 99 ఏళ్ళు నిండాక పోయారు. చీలికల గురించి లోకానికి పాఠం చెప్పిన మనిషికి కూడా చీలాక స్థిమితంగా ఆలోచించుకునే వ్యవధి దొరకలేదు. ఆ వ్యవధి ఉబ్బుగా ఉన్నప్పుడే ఉంటుంది. దాన్ని సరిగ్గా వాడుకోమంటున్నాను.

మొదట వాడుకోవాల్సింది కొలత మీద. బృహద్ధమని తిన్నటి గొట్టం కాదు, వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపుకు సరిగ్గా అడ్డంగా కొలిస్తే ఒక అంకె వస్తుంది, కాస్త ఏటవాలుగా కొలిస్తే అంతకన్నా పెద్దది వస్తుంది. గుండె కొట్టుకుంటున్నప్పుడు తీసే బొమ్మ ధమని మొదట్లో అలుక్కుపోతుంది కాబట్టి ఈసీజీతో జతచేసి తీసే సీటీ కావాలి. కిందటేడు ఎకోలో 4.7, ఈ ఏడు సీటీలో 5.0 వస్తే అమాంతం పెరిగిపోయిందని హడలిపోతారు. రెండు వేర్వేరు పద్ధతుల కొలతలవి. పెరిగిందో లేదో తేలాలంటే ఒకే పద్ధతిలో తీసిన పాత, కొత్త బొమ్మలను పక్కపక్కన పెట్టి, ఒకే చోట కొలవాలి. అందుకే రెండో వైద్యుడి దగ్గరికి టైపు చేసిన రిపోర్టు ఒక్కటే పట్టుకెళ్తే లాభం లేదు. సీటీ మొత్తం ఉన్న సీడీనో పెన్‌డ్రైవో అడిగి తీసుకోండి. పాత ఎకోలూ సీటీలూ ఎక్కడున్నా వెతికి తీయండి.

తర్వాత ఆ అంకెకు అర్థం. గుండె నుంచి పైకి వెళ్ళే భాగంలో ఆపరేషన్‌కు చాలాకాలంగా ఒప్పుకున్న గీత 5.5 సెంటీమీటర్లు. ఈ ఆపరేషన్లలో అనుభవమున్న బృందం చేసేట్టయితే, తగినవారికి 5.0 దగ్గరే చేయవచ్చని అమెరికా హృద్రోగ సంఘాలు 2022లో చెప్పాయి. మార్ఫాన్ లాంటి పుట్టు జబ్బున్నవాళ్ళకు ఇంకా ముందే చేస్తారు. ఏడాదిలో అర సెంటీమీటరు పెరిగితే గీత దాకా ఆగరు. మనిషి పొడుగునూ చూడాలి: ఐదడుగులు లేని ఆమెకు 4.9 అంటే ఆరడుగుల మనిషికి 4.9 లాంటిది కాదు. కాబట్టి రెండో డాక్టరు “ఆరు నెలలు ఆగి మళ్ళీ తీద్దాం” అనవచ్చు, “ఇంకా ఆలస్యం చేయకండి” అని తొందరపెట్టనూవచ్చు. వద్దనిపించుకోవడానికే వెళ్ళేవాళ్ళు, వద్దనేవారు దొరికేదాకా మూడో చోటికీ నాలుగో చోటికీ తిరుగుతారు. అది ప్రమాదం. ఇద్దరి మాటా కలవకపోతే తేడా ఎక్కడుందో అడగండి: కొలతలోనా, జబ్బు కారణంలోనా, ఆపరేషన్ పద్ధతిలోనా? వీలైతే ఇద్దరినీ ఫోన్లో మాట్లాడుకోమనండి.

నా దృష్టిలో రెండో చూపు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది పద్ధతి దగ్గర. ధమని మొదలునూ వాల్వునూ కలిపి తీసేసి, వాల్వు కుట్టి ఉన్న గొట్టాన్ని అమర్చే పద్ధతిని 1968లో లండన్ నుంచి బెంటాల్, డి బోనో ప్రకటించారు. గట్టి ఆపరేషన్, ఎంతోమంది ప్రాణాలు నిలిపింది. కానీ లోహపు వాల్వు పెడితే జీవితాంతం అసిట్రోమ్ లాంటి రక్తం పలచబరిచే మాత్ర వేసుకోవాలి, ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుంటూనే ఉండాలి. ల్యాబు కోసం మండల కేంద్రం దాకా బస్సెక్కాల్సిన రైతుకు అది చిన్న సంగతి కాదు. పిల్లలు కావాలనుకునే పాతికేళ్ళ అమ్మాయికి అసలే కాదు. గర్భంతో ఉన్నప్పుడు ఆ మాత్ర బిడ్డకు హాని చేయగలదు. జంతు కణజాలంతో చేసిన వాల్వుకు ఆ బాధ తక్కువే గానీ ఏళ్ళు గడిచేకొద్దీ అరుగుతుంది, వయసులో ఉన్నవాళ్ళలో ఇంకా త్వరగా అరుగుతుంది. వాల్వు రెక్కలు బాగుంటే వాటిని అలాగే ఉంచి ధమనిని మాత్రం మార్చే పద్ధతిని టొరంటో సర్జన్ టిరోన్ డేవిడ్ 1992లో ప్రచురించారు. అది చెయ్యి తిరిగినవారు చేయాల్సిన పని. తమకు అలవాటు లేని సర్జను ఆ మాటే ఎత్తకపోవచ్చు. మీరే ఎత్తండి: నా వాల్వు మిగులుతుందా? మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? నిజాయితీ ఉన్న సర్జను ఈ ప్రశ్నకు చిన్నబుచ్చుకోరు.

చిన్నబుచ్చుకుంటారేమోనన్న బెరుకే మనవాళ్ళను ఆపుతుంది. అర ఎకరం కొనాలంటే ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు ఇద్దరు వకీళ్ళకు చూపిస్తాం; గుండె కోయించుకునే ముందు మాత్రం “డాక్టరుగారు ఏమనుకుంటారో” అని నోరు మూసుకుంటాం. లేదా దొంగచాటుగా వేరే ఊరు వెళ్ళొస్తాం. దాచాల్సిన పనేం లేదు. కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలో మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోవడం ఒక హక్కు. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెప్తోంది. ప్రత్యామ్నాయాలేమిటో, వద్దంటే ఏమవుతుందో చెప్పకుండా తీసుకున్న సంతకం సరైన సమ్మతి కాదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

డబ్బున్నవాళ్ళు ఎలాగో చూపించుకుంటారు. రాయలసీమ వాళ్ళు వెల్లూరు సీఎంసీకి పోవడం తరాలుగా ఉన్నదే. కూలి మానుకుని, తోడుగా ఒకరిని తీసుకుని అంత దూరం పోలేనివాళ్ళ సంగతే నా బాధ. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడి గుండె ఆపరేషన్‌కు డబ్బు కట్టింది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలయింది. ఆపరేషన్‌కు కట్టే ప్రభుత్వాలు దాని ముందు రెండో చూపుకూ కట్టాలి. నిమ్స్‌లోనో స్విమ్స్‌లోనో వారానికొక పూట నలుగురు నిపుణులు కూర్చుని, రెండు రాష్ట్రాల నుంచీ వచ్చిన బృహద్ధమని సీటీలు చూసి రాతపూర్వకంగా సలహా ఇవ్వాలి. సీటీ కంప్యూటరులో వెళ్తుంది, మనిషి కదలక్కర్లేదు.

ఈలోగా ఇంట్లో చేయాల్సినవి ఉన్నాయి. బీపీ మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు. బీడీ, సిగరెట్టు మానాలి. బస్తాలు, గ్యాస్ సిలిండర్లు ఎత్తకూడదు. మందుల షాపులో అడిగిందే తడవుగా ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ రకం యాంటీబయోటిక్స్ ఇలాంటి ధమని ఉన్నవాళ్ళకు వేరే దారి లేకపోతే తప్ప ఇవ్వొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. జ్వరమొచ్చి ఎక్కడికెళ్ళినా నాకు ఈ ఉబ్బు ఉందని చెప్పండి.

మరొకటి. నలభైల్లోనే ఉన్నట్టుండి కూలిపోయిన పెదనాన్ననో మేనత్తనో మన ఇళ్ళల్లో గుండెపోటు కిందే జమ కడతాం. పోస్టుమార్టం ఉండదు, ఎవరూ అడగరు. అది చీలిన ధమని అయి ఉండవచ్చు. ఆ మరణాల సంగతి ఇద్దరు డాక్టర్లకూ చెప్పండి, ఎందుకంటే మీ 4.9 అర్థం దానితో మారిపోవచ్చు. ఈ ఉబ్బు కొన్ని కుటుంబాల్లో తరం నుంచి తరానికి వస్తుంది. రెండో చోటికి వెళ్ళేటప్పుడు అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్ళనూ పిల్లలనూ తీసుకెళ్ళి వాళ్ళకూ ఎకో తీయించండి.