ఆంగ్ల క్రియాబంధాలు – ఉపసర్గదృష్టి

ప్రాచ్యకళాశాలల్లో ఆంగ్లపాఠం చెప్పే తీరును గురించి సంస్కృతాధ్యాపకుడు మాట్లాడటం అనధికారప్రసంగమని కొందరు అనుకోవచ్చును. ప్రస్తుతవిషయం వ్యాకరణానికి చెందినది కనుక ఆ అధికారం మనకు ఉన్నదనే నా అభిప్రాయం.

ఆంగ్లంలో 'ఫ్రేజల్ వెర్బ్స్' అని వ్యవహరింపబడే పదబంధాలు కలవు. ఒక చిన్న క్రియ, దాని వెంట 'అప్', 'ఔట్', 'ఇన్', 'ఆన్' వంటి ఒక అవ్యయం. రెండూ కలిసి ఒక నూతనార్థాన్ని ఇస్తాయి. 1755లో నిఘంటువును ప్రకటించిన శామ్యూల్ జాన్సన్ తన పీఠికలోనే ఇవి పరదేశీయులకు మిక్కిలి క్లేశకరాలని గుర్తించినాడు. ఆ క్లేశం నేటికీ తీరలేదు. మన విద్యార్థి చేతికి అక్షరక్రమంలో కూర్చిన ఒక పట్టిక ఇస్తారు. అతడు దానిని వల్లెవేసి, పరీక్ష ముగిసిన మరునాటికి మరచిపోతాడు. ఈ పదాలకు నియమమంటూ ఏదీ లేదు, కంఠస్థం చేయవలసినదే అని అతనికి చెప్పడమే ఇందులోని దోషం.

ఉపసర్గలను చదివిన విద్యార్థికి ఈ మాట చెప్పదగినదేనా? 'జ్ఞా' ధాతువొక్కటే ప్రజ్ఞ, సంజ్ఞ, ఆజ్ఞ, అనుజ్ఞ, ప్రతిజ్ఞ, అవజ్ఞ అని ఎన్ని రూపాలు దాల్చినా అతడు వెరవడు. ఉపసర్గలు ధాతువుకు ముందు వస్తాయనీ, వేదంలో తరువాత కూడ రావచ్చుననీ, నడుమ ఇతరపదాల వ్యవధానం కూడ ఉండవచ్చుననీ పాణిని ప్రథమాధ్యాయ చతుర్థపాదంలో వరుసగా చెప్పినాడు. ఆంగ్లం నడచిన త్రోవ దీనికి విపరీతం. 'అండర్‌స్టాండ్' వంటి ప్రాచీనరూపాల్లో అవ్యయం క్రియకు ముందు అతుక్కొని ఉన్నది. తరువాతి కాలంలో వెనుకకు వచ్చి, విడివడి, నడుమ కర్మపదానికి చోటిచ్చింది. 'లుక్ ద వర్డ్ అప్' అన్న వాక్యం ఛాందసప్రయోగాలు ఎరిగినవానికి వింత కాదు.

అదే 'లుక్ అప్' మరొక పాఠానికీ పనికివస్తుంది. నిఘంటువులో పదం చూచుట అనే అర్థంలో 'అప్' క్రియకు అంగం. పొగగొట్టంలోనికి తలయెత్తి చూచుట అనే అర్థంలో అది నామపదానికి చెందినది, అక్కడ దానిని నామానికి వెనుకకు జరపరాదు. ఉపసర్గకూ కర్మప్రవచనీయానికీ గల భేదం తెలిసినవానికి ఇంతకంటె వివరణ అక్కరలేదు. మనవద్ద ఆ భేదం షత్వాదుల్లో కూడ తెలుస్తుంది. పూజార్థంలో 'సు' కర్మప్రవచనీయమైనందువల్లనే 'సుసిక్తం' అన్నచోట షత్వం రాదు. ఆంగ్లంలో అది ఊనికలో తెలుస్తుంది.

ఇక విద్యాసంబంధమైన బంధాలు. 'ఫైండ్ ఔట్', 'ఫిగర్ ఔట్', 'వర్క్ ఔట్', 'మేక్ ఔట్' – వీటన్నింటా మరుగున ఉన్నదానిని వెలికి తెచ్చుటే అర్థం. మన 'నిర్ణయం', 'నిష్కర్ష' శబ్దాల్లోని 'నిర్', 'నిస్' చేసే పని అదే; నిష్కర్ష అనగా బయటికి లాగుట కదా. 'బ్రష్ అప్' అనగా ఒకప్పుడు నేర్చి మాసిన విద్యకు మెరుగు పెట్టుట. 'పికప్' గురుముఖతః కాక అక్కడక్కడ విని ఏరుకొన్న విద్య, ఉంఛవృత్తి వంటిది. 'సింక్ ఇన్' అన్నదానికి మన తెలుగులో 'ఒంటబట్టుట' అనే చక్కని మాట ఉండనే ఉన్నది. తెలుగుకు ఉపసర్గలు లేకున్నను 'కనిపెట్టు', 'తలకెక్కు' వంటి కూర్పులు ఆ పని చేస్తున్నవి.

'మగ్ అప్' అనే మాటను మాత్రం నేను సహింపలేను. పరీక్షకు ముందు రాత్రి బట్టీపట్టుటకు అది తగును. దానిని పాఠశాలల్లోని కంఠస్థవిద్యకు అంటగట్టి చులకనగా మాట్లాడుట మనవారిలోనే ఎక్కువ. అధ్యయనార్థకమైన 'ఇఙ్' ధాతువు 'అధి' లేకుండా ఎన్నడూ ప్రయుక్తం కాదు. ఆ నిత్యసంబంధానికీ ఒక రాత్రి శ్రమకూ పోలిక ఎక్కడిది?

అన్ని బంధాలూ ఇట్లు విడివడవన్న ఆక్షేపం సత్యమే. 'టేక్ ఇన్' అనగా గ్రహించుట, మోసగించుట కూడ. ఇచట 'ఇన్' శబ్దార్థాన్ని ఎంత సాగదీసినా అందదు. అయితే ఈ వివాదం యాస్కునికే తెలుసు. ఉపసర్గలు విడిగా అర్థాన్ని చెప్పవు, ద్యోతకాలు మాత్రమేనని శాకటాయనుడు. వాటికి నానార్థాలు కలవని గార్గ్యుడు. బోధనకు గార్గ్యమతంతో ఆరంభించి, అది సాగనిచోట శాకటాయనుని ఆశ్రయించుట మేలని నాకు తోచుచున్నది.

కావలసినది పెద్ద గ్రంథం కాదు. ఆంగ్లాధ్యాపకుడూ వ్యాకరణాధ్యాపకుడూ కలిసి కూర్చొని, క్రియలవారీగా కాక 'అప్', 'ఔట్', 'ఇన్', 'ఓవర్' అనే అవ్యయాలవారీగా ఒక చిన్న పుస్తకం కూర్చవలెను. కర్మప్రవచనీయప్రకరణం నడిచే వారంలోనే ఆంగ్లతరగతిలో 'లుక్ అప్' పాఠం జరిగేటట్లు కాలనిర్ణయపట్టికను మార్చుకొనుటకు ఎవరి అనుమతీ అక్కరలేదు.