ముసలమ్మకి సూదెందుకు?

"ముసలివాళ్ళవి మూఢనమ్మకాలండీ, ఎంత చెప్పినా టీకా వేయించుకోరు" అని తేల్చిపారేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎంత చెప్పారట? ఎప్పుడు చెప్పారట? ఇంట్లో పెద్దావిడ పక్కన పావుగంట కూర్చుని, ఆ టీకా ఏమిటో, ఎందుకో చెప్పిన పాపాన పోయినవాళ్ళు ఎందరు? ఫోనులో ఓ వీడియో పంపిస్తారు. దాంతో బాధ్యత తీరిపోతుంది. ఆవిడ చూసిందా, విన్నదా, అర్థమైందా అన్నది ఇక ఆవిడ ఖర్మ!

2021 సంగతి మనమెవరం మరిచిపోలేదు. జనవరి 16న దేశంలో కరోనా టీకాలు మొదలయ్యాయి. అరవై దాటినవాళ్ళకి మార్చి 1 నుంచి ఇచ్చారు. కోవిన్ అని ఓ పోర్టల్ పెట్టారు. ఫోన్ నంబరు కొట్టాలి, ఓటీపీ రావాలి, ఆధార్ చూపాలి, స్లాటు దొరకాలి. పెద్దవాళ్ళు ఆధార్ పట్టుకుని నేరుగా కేంద్రానికి వెళ్ళినా అక్కడే పేరు రాసుకునే వీలుంది. ఆ ముక్క ముసలమ్మ దాకా ఎవరు మోశారు చెప్పండి? ఆ పోర్టల్లోకి మన తెలుగు వచ్చేసరికి జూన్ నెల. ఫోనూ ఇంటర్నెట్టూ లేనివాళ్ళ గతేమిటని అప్పటికే సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వాన్ని నిలదీసింది. కోర్టుకి తట్టిన సందేహం మన ఇళ్ళల్లో తట్టలేదు, చూశారూ!

మా కేతేపల్లి అడవిలో ఏమీ లేదు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది. సెల్లు టవర్లకి కొదవ లేదు. కొదవల్లా, ఫోను ఎవరి చేతిలో ఉందన్నదే. బొమ్మలు కనిపించే ఫోను కొడుకుది. కొడుకు ఇంట్లో లేనప్పుడు మనవడిది. మా పెద్దమ్మది బటన్ల ఫోను. పచ్చది నొక్కితే మాట్లాడాలి, ఎర్రది నొక్కితే పెట్టెయ్యాలి, అంతవరకే ఆవిడ విద్య. ఇక "ఆన్‌లైన్ ఆరోగ్య విద్య" చేరింది ఎవరికి? క్రికెట్టు చూసుకునే మనవడికి!

సరే, ఒకరోజు మనవడి ఫోను బతిమాలి తెచ్చి ఆవిడ ముందు పెట్టాం. తెల్లకోటు వేసుకున్న డాక్టరమ్మ "రోగనిరోధక వ్యవస్థ", "ప్రతికూల ప్రభావాలు" అంటూ చక్కగా, గ్రాంథికంగా చెప్పుకుపోతోంది. పెద్దమ్మ కాసేపు విని, "గీమె ఏం జెప్తుంది బిడ్డా?" అంది. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. అదే సమయంలో ఇంకో వార్త ఊరంతా తిరిగింది: సూదేసుకున్నోళ్ళు రెండేళ్ళల్ల పోతరట! నోబెల్ బహుమతి వచ్చిన ఫ్రెంచి శాస్త్రవేత్త మాంటానియర్ చెప్పాడని దానికో తోక. ఆయన ఆ మాట అన్న ఆధారం లేదు, అది తప్పుడు ప్రచారమని కేంద్రప్రభుత్వ సమాచార విభాగం ఆ మే నెలలోనే ఖండించింది. ఖండన ఎవరికి చేరింది? అబద్ధం మాత్రం మన యాసలో, మనకు తెలిసిన గొంతుతో, గడప దాకా వచ్చి కూర్చుంది. నిజం మాత్రం పుస్తక భాషలో ఎక్కడో ఆగిపోయింది.

ఇంతకీ పెద్దమ్మ భయమేమిటో తెలుసునా? నెమ్మదిగా పక్కన కూర్చుని అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చాయి. "బీపీ గోలీలు మింగుత గదా, సూది పడుతదా?" పడుతుందని, బీపీ ఉన్నవాళ్ళకే ముందు కావాలని చెప్పాను. "మొన్న నాలుగు వారాలకే రెండోది అన్నరు, ఇయ్యాల పన్నెండు అంటున్నరు, గిదేంది?" న్యాయమైన ప్రశ్న. కోవిషీల్డు గడువు నిజంగానే మారుతూ వచ్చి, 2021 మే నెలలో పన్నెండు నుంచి పదహారు వారాలయింది. ఆఖరున, తల వంచుకుని, కొంగు చివర మెలిపెడుతూ అడిగింది: "జరమొస్తే నాకు జావెవరు గాస్తరు బిడ్డా?"

అదండీ అసలు సంగతి! సూదికి భయపడలేదు ఆవిడ. రెండ్రోజులు మంచాన పడితే కోడలికి బరువవుతానని భయపడింది. వీడియోలో డాక్టరమ్మ ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పలేదు. చెప్పలేదు కూడా. ఆ జవాబు ఇంట్లో ఉంది. "నేను గాస్త అత్తమ్మా, నువ్వు పో" అని పొయ్యి దగ్గర్నుంచి కోడలు అన్నాకే పెద్దమ్మ చెప్పులు తొడుక్కుంది.

అయితే ఆన్‌లైన్ చదువు దండగంటావా, అని మీరడగొచ్చు. అనను. ఊళ్ళల్లో తల్లి ఒక్కతీ ఉండి, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఇళ్ళు కోకొల్లలు. ఆ తల్లికి ఫోనే దిక్కు. కానీ పంపేది ఎవరో చేసిన వీడియో ఎందుకమ్మా? డాక్టర్ని అడిగి తెలుసుకున్నది నీ గొంతుతో, నీ మాటల్లో రెండు నిమిషాలు రికార్డు చేసి పంపు. కన్నకూతురి గొంతు వింటే, ఆవిడ పక్కింటావిడకి కూడా వినిపించి వస్తుంది. ఇక ఊళ్ళో ఆశా కార్యకర్త ఎలాగూ ఉంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశాలందరికీ కలిపి అవార్డు ఇచ్చింది ఊరికే కాదు. గడప ఎక్కి, "అవ్వా, పోదాం పా" అన్నందుకు.

"కరోనా పోయింది గదా, ఇంకా ఏం టీకాలు?" అంటారేమో. ఏటేటా వేయించుకునే ఫ్లూ టీకా ఉంది. న్యుమోనియాకి ఉంది. ఒంటి మీద నిప్పులు పోసినట్టు బాధపెట్టే సర్పికి ఉంది. ఈ జబ్బులు ముసలివాళ్ళని ఎక్కువగా పీడిస్తాయి. ఎవరికి ఏది తగునో డాక్టరు చెబుతాడు, కానీ ముందు అడగాలి కదా! మనవడి టీకా కార్డు బీరువాలో, పట్టుచీర మడతలో భద్రంగా ఉంటుంది. ఏ నెలలో ఏ చుక్కలో మనకి కంఠతా. నానమ్మకో కార్డుందా? "ఈ వయసులో ఇంకెందుకులెండి" అనే మాట ముసలావిడ నోట వచ్చిందా, మన నోట వచ్చిందా? ఆవిడ ఆ మాట అంటోందంటే, మన ఇంట్లో ఎప్పుడో విని ఉంటుంది.

ఖర్చు సంగతీ తెలుసు నాకు. సర్పి టీకా రెండు డోసులు, ధర వేలల్లో. మధ్యతరగతికి అది బరువే, కాదనను. సర్కారు ఉచితంగా వేసే టీకాల జాబితా చూస్తే పసివాళ్ళూ, గర్భిణులూ కనిపిస్తారు. అరవై దాటినవాళ్ళకి అలాంటి జాబితా లేదు. కరోనాప్పుడు ఊరూరికీ శిబిరాలు పెట్టి పెద్దవాళ్ళకి ఉచితంగా వేయగలిగిన ప్రభుత్వానికి, ఫ్లూ టీకా ఏడాదికోసారి వేయడం చేతకాదా? ఎన్నికలప్పుడు ఓటుకోసం గడప ఎక్కుతారు గదా, ముసలమ్మని మోసుకెళ్ళి మరీ ఓటు వేయిస్తారు. ఈసారి వచ్చినప్పుడు పింఛను మాటతో పాటు ఈ మాట కూడా అడగండి. ఆవిడ చేత అడిగించండి, మరీ మంచిది.