మరమ్మతు విద్య ఎవరి సొత్తు?

కనిగిరి ప్రాంతమున మోటారు సైకిలు విలాసవస్తువని యెవరైన ననుచో, వారు కనిగిరిని కన్నెత్తి చూడనివారని మా నిశ్చయము. ఇది మెట్టసీమ. వానలు తక్కువ, పల్లెలు దూరము. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా యేర్పడువరకు నెల్లూరు జిల్లాలో నుండిన తాలూకా యిది. ఆ ఒంగోలైనను సుమారు 80 కిలోమీటర్ల దూరముననున్నది. భూగర్భజలములో ఫ్లోరైడు మిక్కుటమగుటచే త్రాగునీటి క్యానులు సహితము బండివెనుక గట్టుకొనియే యిల్లు చేరుచున్నవి. పాలక్యాను, ఎరువుబస్తా, పురుగుమందు డబ్బా, బడిపిల్లలు, జ్వరముతో మూలుగు వృద్ధురాలు, ఈ భారమంతయు ఆ రెండు చక్రములే మోయుచున్నవి. పామూరు, వెలిగండ్ల, చంద్రశేఖరపురము, హనుమంతునిపాడు దారులలో నడియెండలో బండి నిలిచిపోవుట యనగా నొకనాటి కూలి పోవుట. రోగి వెనుక గూర్చుండియున్నచో నంతకంటె నెక్కువయే పోవచ్చును.

అట్లు నిలిచిన బండిచుట్టు జరుగు వ్యవహారమును మా పాఠకులందరు చూచియే యుందురు. ఎదుటినుండి వచ్చు మరియొక బండివాడు ఆగును. పేరడుగడు, ఊరడుగడు, కులమడుగడు. "ఏమైంది అన్నా?" అని మాత్రము అడుగును. ముందు ట్యాంకు మూత తీసి బండిని అటునిటు ఊపి చూచును. పెట్రోలున్నదని తేలగానే ప్లగ్గు విప్పును. ప్లగ్గు కొన నల్లగా మసిపట్టి తడిసియున్నచో ఇంజనుకు పెట్రోలు ఎక్కువయి గాలి తక్కువైనదని అర్థము. తెల్లగా మాడియున్నచో గాలి ఎక్కువై ఇంజను వేడెక్కుచున్నదని అర్థము. లేత ఇటుకరంగున నున్నచో దోషము వేరొకచోట నున్నది. ఉప్పుకాగితముతో రుద్ది, చొక్కాకొనతో తుడిచి, ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టి, నిప్పురవ్వ వచ్చుచున్నదో లేదో చూచును. ఎర్రమట్టి దారులలో తిరిగిన బండియైనచో ఏర్ ఫిల్టరు తీసి దులుపును. పెట్రోలే అయిపోయినచో తన బండి పైపు లాగి నీళ్లసీసాలో కొంత పట్టిపోయును. ఏదియు కుదరకున్నచో తన కాలిని ఆ బండి ఫుట్‌రెస్టుకు ఆనించి, రెండు బండ్లు ప్రక్కప్రక్కన నడుపుచు, మెకానిక్కు షెడ్డువరకు త్రోసికొనిపోవును. ఈ చివరి పని ప్రమాదకరమని మేమెరుగుదుము. మా యీ మాటను చదివి యెవరును మానరనియు నెరుగుదుము.

ఇంతచేసినవానికి కూలి లేదు, మరల కనబడునన్న ఆశ లేదు. అతనికి కావలసినదెల్ల రేపు తన బండి నిలిచినపుడు మరియొకడు ఆగుటయే. రోడ్డుమీద పోవువారు "స్టాండు! స్టాండు!" అని కేకవేయుట, వెనుక కూర్చున్న స్త్రీ చీరకొంగు చక్రములో పడకుండ హెచ్చరించుట కూడ నీ కోవలోనివే. 2017 ఏప్రిలు నుండి తయారగు బండ్లకు పగలును రాత్రియు ముందుదీపము తానై వెలుగునట్లు ప్రభుత్వమువారు నిబంధన చేసిరి. దానిని ఆర్పుటకు మీటయే లేదు. అయినను ఎదురుపడినవాడు వ్రేళ్లు ముడుచుచు తెరచుచు "లైటు, లైటు" అని సైగచేయుట మానలేదు. నిబంధన తెలియక చేయు ఆ సైగలోని సౌహార్దమును చూచి నవ్వుకొనువారు నవ్వుకొందురు గాక! మాకది యీ దేశమున మిగిలియున్న మంచి గుణములలో నొకటిగా తోచుచున్నది.

ఈ విద్యకు బడి లేదు. వేపచెట్టు నీడనో రేకుల షెడ్డులోనో నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, ఒక సుత్తి, మడ్డాయిలు డబ్బాతో కూర్చున్న మేస్త్రియే దీనికి ఉపాధ్యాయుడు. బండి విప్పుచుండగా చుట్టుచేరి చూచినవారే విద్యార్థులు. మన దేశమున మోటారు సైకిళ్ల చరిత్రనే తీసికొనుడు. ఇంగ్లండులోని రెడ్డిచ్ నగరపు రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీతో కలిసి మద్రాసువారు 1955లో ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించి, తిరువొత్తియూరులో బుల్లెట్టు బండ్లను చేయనారంభించిరి. తొలుత భాగములు సీమనుండి వచ్చి యిచ్చట బిగింపబడెడివి. క్రమముగా ఇచ్చటనే తయారైనవి. 1970 ప్రాంతమున సీమలోని మాతృసంస్థ మూతపడినది. మన దేశపు బుల్లెట్టు మాత్రము నేటికిని నడచుచున్నది. దీనికి కారణములు పెక్కులుండవచ్చును. ఏ చిన్న పట్టణములోని మేస్త్రియైనను దానిని విప్పి మరల బిగింపగలుగుట వానిలో నొకటి కాదని యెవరనగలరు?

ఇంతకంటె చిత్రమైనది జావా, యెజ్డీల కథ. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1996లో మూతపడినది. కంపెనీ లేదు, ఏజెంటు లేడు, విడిభాగము చేయువాడు లేడు. కిక్కు కొట్టు మీటయే మడచినచో గేరు మార్చు మీటయగు ఆ వింత యంత్రము మరునాడే పాతయినుముక్రింద పోవలసినదే. కాని పోలేదు. బెంగుళూరు, మైసూరు, హైదరాబాదు మొదలగు చోట్ల ఆ బండ్లవారు ఒకరినొకరు వెదకికొనిరి. ఒకని షెడ్డులోని పాత క్రాంకు మరియొకని బండిని నడిపించినది. లేతుపనివారిచే క్రొత్త బుష్షులు చేయించుకొనిరి. పెట్రోలులో ఆయిలు ఏపాటి కలుపవలెను, సైలెన్సరులోని మసి యెట్లు తీయవలెను అను విషయములను తెలిసినవారు తెలియనివారికి చెప్పిరి. జూలై నెల రెండవ ఆదివారమున పలు నగరములలో వారు బండ్లతో సమావేశమగుట నేటికిని ఆచారముగా నున్నది. చేసినవారు విడిచిపెట్టిన యంత్రమును నడుపువారే కలసి బ్రదికించిరి. 2018లో జావా పేరుతో క్రొత్తబండ్లు మరల అంగడికి వచ్చినవన్నచో, ఆ పేరును అన్నియేండ్లు మరువకుండ కాపాడినవారు వీరే.

ఇక నేటి సంగతి. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి భారత్ స్టేజి 6 నిబంధనలు వచ్చినవి. వానిని అందుకొనుటకు కంపెనీలవారు చాలవరకు కార్బురేటరును తీసివేసి, పెట్రోలును కొలిచి చిమ్ము ఇంజెక్టరును, దానిని శాసించు ఎలక్ట్రానిక్ పెట్టెను పెట్టిరి. ఇందువలన పొగ తగ్గినది. వెనుకటి రెండు స్ట్రోకుల బండ్ల నీలిపొగను పీల్చినవారెవరును ఆ కాలము మరల రావలెనని కోరరు. మేమును కోరము. కాని యీ మార్పుతో దారిలోని పరస్పరసాహాయ్యమునకు వచ్చిన కష్టమును చాలమంది గమనించినట్లు లేదు.

ఒక్కొక్కటే చూతము. ఇంజెక్టరు బండికి పెట్రోలు పంపు ట్యాంకులోపల నుండును. వెలుపల త్రిప్పుకొను కుళాయి లేదు. కావున పైపులాగి సీసాలో పట్టి అప్పిచ్చు మార్గము మూతపడినది. పాతబండి బ్యాటరీ చచ్చిపోయినను నలుగురు త్రోసినచో కదలెడిది. క్రొత్తబండిలో పంపునకును పెట్టెకును విద్యుత్తు కావలెను. బ్యాటరీ పూర్తిగ ఖాళీయైనచో ఎంత త్రోసినను ప్రయోజనముండదు. పెక్కుబండ్లకు కిక్కుమీటయు తీసివేసినారు. ఇంజనులో నేదైన తేడా వచ్చినచో ముందు పలకమీద పసుపుపచ్చని దీపమొకటి వెలుగును. అది "నాకు జబ్బు చేసినది" అని చెప్పును గాని, ఏ జబ్బో మేస్త్రికి చెప్పదు. ఆ రహస్యము విప్పు పరికరము ఏజెంటువద్ద నుండును. ఏజెంటు ఒంగోలులోనో, అంతకంటె దూరముననో యుండును.

ఇక్కడ కూడ మన బండ్లవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కొన్ని బండ్లలో ఆ దీపము నిడివిగా ఎన్నిసార్లు, పొట్టిగా ఎన్నిసార్లు మిణుకుమన్నదో లెక్కించినచో దోషపు సంఖ్య తెలియును. ఆ సంఖ్యల పట్టికను కాగితముమీద వ్రాసి గోడకు అంటించుకొన్న షెడ్డులున్నవి. ఒక బండిలో సెన్సరు వైరు ఎలుక కొరికినదని పట్టుకొన్నవాడు పదిమందికి చెప్పుచున్నాడు. పెట్రోలులో ఇథనాలు పాలు 2025 నాటికి నూటికి 20కి చేరినది. అది నీటిని పీల్చుకొనును గనుక పాతబండ్లను నెలల తరబడి సగము ట్యాంకుతో నిలిపియుంచరాదనియు, పాత రబ్బరు పైపులను తరచు చూచుకొనవలెననియు చెప్పుకొనుచున్నారు. ఇట్టి సలహా వినినవానికి వందలకొలది రూపాయలు మిగిలించును.

న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఇందులో చట్టపు ప్రశ్న కూడ కనబడుచున్నది. డబ్బిచ్చి కొన్న వస్తువును బాగుచేసికొను అధికారము కొన్నవానికి కలదా, లేదా? మోటారు కార్ల విషయమున ఈ ప్రశ్న కాంపిటీషన్ కమిషనువారి యెదుటికి వచ్చినది. విడిభాగములను, దోషమును కనిపెట్టు పరికరములను వెలుపలి మరమ్మతుదారులకు అందకుండ చేయుట పోటీని అణచుటయే యని తీర్మానించి, 2014 ఆగస్టు 25వ తేదీన 14 కార్ల కంపెనీలపై మొత్తము 2,500 కోట్ల రూపాయలకు పైబడిన జరిమానా విధించిరి. కంపెనీలు అప్పీళ్లకు పోయినవి. ఆ వివాదపు పరిణామము ఏమైనను, కమిషనువారు చెప్పిన సూత్రము మోటారు సైకిలుకు వర్తింపకపోవుటకు మాకు కారణము కానరాదు. 2022లో వినియోగదారుల వ్యవహారముల శాఖవారు మరమ్మతు హక్కును గూర్చి సంఘమును వేసి, ఆ యేటి చివర సమాచారమునకై ప్రత్యేకమైన తావు నేర్పరచిరి. వాహనములును అందు చేర్చబడినవి. అయితే అచ్చట సమాచారముంచుట కంపెనీల యిష్టము క్రింద నున్నంతవరకు కనిగిరి మేస్త్రికి ఒరిగినదేమి? చట్టము చేయవలెను. పరికరము సరసమైన వెలకు ఎవరికైన అమ్మవలెను. దోషసంఖ్యల పట్టికలు, విప్పు క్రమము తెలుపు పుస్తకములు అందరికి దొరకవలెను, తెలుగులో దొరకవలెను. తెలుగునాట లక్షలకొలది బండ్లను అమ్ముకొను కంపెనీకి తెలుగులో నొక మరమ్మతు పుస్తకము అచ్చువేయుట బరువు కాదు.

తెలియనివారు బ్రేకులను ముట్టినచో ప్రాణాపాయమని కంపెనీలవారందురు. ఈ మాటను మేము త్రోసివేయము. కాని తెలియమి ప్రమాదమైనచో దానికి మందు తెలుపుట గదా! దాచుట మందెట్లగును? దాచినంతమాత్రమున మేస్త్రి బండి విప్పుట మానడు. తెలియకయే విప్పును.

మనవారి లోపములను గూర్చియు చెప్పవలసియున్నది. చౌకగా వచ్చునని నకిలీ బ్రేకు షూలు వేయు షెడ్డులు లేకపోలేదు. సైలెన్సరును కోసి ఊరెల్ల మ్రోగించు కుర్రవారికి స్నేహధర్మమను పేరుతో తోడ్పడు మేస్త్రీలున్నారు. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను అట్టి మార్పులను నిషేధించుచున్నది. చంటిబిడ్డ నిద్ర చెడగొట్టుటలో ఏ నైపుణ్యమున్నదో మాకు తెలియదు. పదునాలుగేండ్లు నిండని బాలునిచే పానా పట్టించుట మరింత దోషము. 2016 సవరణ తరువాత అది స్పష్టముగ నేరము. విద్య నేర్పుచున్నామను మాట అందుకు సమాధానము కానేరదు. బడి విడిచినపిమ్మట చూచి నేర్చుకొననిండు. హెల్మెట్టు విషయమున మేము మరల వ్రాయుటకు విసుగు చెందితిమి. పాఠకులు చదువుటకును విసుగు చెందియుందురు. 129వ సెక్షను మాత్రము అట్లేయున్నది.

వీటన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి. చైను తెగినవానికొరకు ఆగువాడు, రక్తము కారుచు పడియున్నవానికొరకు ఆగుటకు జంకుచున్నాడు. కారణము పోలీసు స్టేషను భయము, కోర్టు వాయిదాల భయము. ఆ భయము వెనుకటి కాలమున నిరాధారము కాదు. కాని 2016 మార్చి 30వ తేదీన సుప్రీముకోర్టువారు ఆపన్నులను ఆదుకొనువారి రక్షణకై ఏర్పరచిన మార్గదర్శకములకు చట్టబలము కల్పించిరి. 2019 సవరణతో 134-ఏ సెక్షను వచ్చినది. సద్బుద్ధితో సాయపడబోయి పొరపాటు చేసినను అతనిపై సివిలుగాని క్రిమినలుగాని చర్య నడువదు. ఆస్పత్రిలో చేర్చి, పేరు చెప్పకుండ వెళ్లిపోవుటకు అతనికి స్వేచ్ఛ కలదు. ఈ రెండు వాక్యములను ప్రతి మెకానిక్కు షెడ్డు గోడమీద, దోషసంఖ్యల పట్టిక ప్రక్కన వ్రాసియుంచుడని కోరుచున్నాము. 565వ జాతీయ రహదారి మన ఊరిమీదుగానే పోవుచున్నది. లారీలు నానాటికి హెచ్చుచున్నవి.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినపుడు పఠనమందిరమునకు రైతును, కూలిని రప్పించుటయే పెద్దల ఆశయముగా నుండెను. మన శాఖా గ్రంథాలయములోని బల్లలలో నొకదానిని మరమ్మతు పుస్తకములకై వేరుచేయుడు. దొరికిన ఆంగ్లపు పుస్తకములను చదువుకొన్నవారు మేస్త్రీల మాటలలోనే, అనగా బోరు, రింగులు, క్లచ్చి ప్లేట్లు అను మాటలతోనే, తెలుగులో నోటుపుస్తకమున వ్రాసిపెట్టవచ్చును. బండి విప్పుట మేస్త్రీలు చూపుదురు, వ్రాయుట మనవంతు. నెలకొక సాయంకాలము చాలును. మొదటిసారికి ఆ పసుపుదీపపు పట్టికనే తీసికొనవలెనని మా సూచన. దానిని గోడకు అంటించుకొన్న షెడ్డువారిని పిలుచుకొనివచ్చు భారమును మేము వహింతుము.